తొలి అక్షరముతోనే త్రోవ తప్పరాదు

(విశాఖపట్టణము జిల్లా గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



గ్రామ పంచాయతీ యనగానే మంచినీటి బావి, వీధి దీపము, మురుగు కాలువ, బడికి పోవు బాట మన మనస్సున మెదలును. అవి నేటికిని మన పనులే. 1959 లో, నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునందలి షాద్‌నగరమున జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిన నాడును, 1993 ఏప్రిల్ 24 వ తేదీన రాజ్యాంగ 73 వ సవరణ అమలులోనికి వచ్చిన నాడును మన పెద్దలు ఆశించిన దొక్కటియే: గ్రామస్థుని పని గ్రామముననే జరుగవలెను, అతడు కచేరీల చుట్టు తిరుగరాదు.

ఆ ఆశను నెరవేర్చుటకు నేడు కంప్యూటరు మన చేతికి వచ్చినది. 2019 అక్టోబరు 2 వ తేదీన రాష్ట్రమున గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైనది. అందు డిజిటల్ అసిస్టెంటను ఉద్యోగిని నియమించిరి. 2020 ఏప్రిల్ 24 వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామస్వరాజ్ అను వెబ్‌సైటును ప్రారంభించినది. పంచాయతీ ప్రణాళిక, జమాఖర్చులు, చెల్లింపులు దాని ద్వారా నడచుచున్నవి. రైతు తన అడంగలును, 1-బి పత్రమును మీభూమి వెబ్‌సైటునందు చూచుకొనుచున్నాడు.

ఇన్ని పనులకును ద్వారమొక్కటియే. కంప్యూటరు తెరకు పైభాగమున బెత్తెడైనను వెడల్పులేని ఒక తెల్లని పట్టీ యుండును. దానిని అడ్రస్ బార్ అందురు. మనము చిరునామా పట్టీ యందము. ఏ వెబ్‌సైటు కావలెనో దాని చిరునామాను అందు వ్రాసి ఎంటరు మీట నొక్కినచో ఆ పుట తెరచుకొనును. నేడు నేను మీకు చెప్పదలచినది ఆ చిన్న పట్టీని గురించియే. ఇంత చిన్న విషయమునకు ప్రసంగమెందులకని మీరనుకొనవచ్చును. ద్వారము చిన్నదైనను, దానిగుండ పోవునవి మన భూమి, మన పింఛను, మన మానము. కావున కొంచెము ఓపికతో వినుడు.

యంత్రము చేయు సహాయము

మీరు పట్టీలో ఒక అక్షరము కొట్టగానే యంత్రము ఊరకుండదు. మిగిలిన అక్షరములను తానే పూరించి చూపును. ఆంగ్లమున ఎమ్ అను అక్షరము కొట్టిన వెంటనే మీభూమి చిరునామా సంపూర్ణముగా ప్రత్యక్షము కావచ్చును. దాని క్రింద మరి నాలుగైదు చిరునామాలు వరుసగా నిలుచును. దీనిని ఆటోకంప్లీట్ అందురు. తెలుగున స్వయంపూరణము అనవచ్చును.

ఈ సదుపాయము క్రొత్తది కాదు. 2008 జూన్ నెలలో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 3 అను బ్రౌజరు, వాడుకరి అలవాటులను బట్టి చిరునామాలను సూచించుట నేర్చినది. అదే సంవత్సరము సెప్టెంబరు 2 వ తేదీన వెలువడిన గూగుల్ క్రోము, చిరునామా వ్రాయు పట్టీని, విషయము వెదకు పెట్టెను ఒక్కటిగా కలిపివేసినది. అది మొదలు నేటివరకు ఇంచుమించు బ్రౌజరులన్నియు ఆ త్రోవనే నడచుచున్నవి.

యంత్రమునకు ఈ చిరునామాలెక్కడనుండి వచ్చును? మూడు తావులనుండి వచ్చును. మొదటిది, ఆ కంప్యూటరులో ఇంతకుముందు తెరచిన పుటల చిట్టా. దీనిని హిస్టరీ అందురు. రెండవది, మనము గురుతుగా దాచుకొన్న చిరునామాలు, వీనిని బుక్‌మార్కులందురు. మూడవది, వెదకు సేవ నడుపు సంస్థ పంపు సూచనలు. మీరు అక్షరము కొట్టుచుండగనే ఆ అక్షరములు ఇంటర్నెట్టు ద్వారా ఆ సంస్థకు చేరును. లోకులు సాధారణముగా వెదకు మాటలను బట్టి అది సూచనలు తిరిగి పంపును. అనగా మీరు ఎంటరు నొక్కకముందే మీ వ్రాత కొంత ఇల్లు దాటి పోవుచున్నదని గ్రహింపుడు.

చిట్టాలోని చిరునామాలలో దేనిని ముందుంచవలెనో యంత్రము రెండు లెక్కలు చూచి నిశ్చయించును. ఎన్ని పర్యాయములు తెరచితిరి? ఎంత ఇటీవల తెరచితిరి? అది చూచునవి ముఖ్యముగా ఈ రెండే. ఆ చిరునామా సరియైనదా, దొంగదా అని విచారించుట ఈ లెక్కలో లేదు. ఈ ఒక్క మాటను గట్టిగా జ్ఞాపకముంచుకొనిన మిగిలినదంతయు సులభముగా బోధపడును.

తప్పు అలవాటగు విధము

కరణముల కాలమున అడంగలు వ్రాత మనలో పెద్దలకు తెలియును. ఒక ఫసలీలో పొరపాటున ఒకని సర్వే నంబరు వేరొకని పేర పడినచో, మరుసటి ఫసలీలో వ్రాయువాడు పాత పుటను ముందుంచుకొని దానినే ఎత్తివ్రాయును. మూడవ యేట రెండవ యేటిదే సాక్ష్యము. పదియేండ్లు గడచునప్పటికి ఆ తప్పే హక్కై కూర్చుండును. దానిని దిద్దించుకొనుటకు రైతు కోర్టు మెట్లెక్కవలసి వచ్చును. 1984 లో కరణము పదవి రద్దయినది గాని, ఎత్తివ్రాయు గుణము పోలేదు. అది యంత్రములోనికి ప్రవేశించినది.

ఒకనాడు తొందరలో ఒక అక్షరము తారుమారుగా కొట్టి వేరొక పుటకు పోయితిరనుకొనుడు. వెంటనే మూసివేసితిరి. మీరు మరచితిరి, యంత్రము మరువలేదు. మరునాడు మీరు తొలి అక్షరము కొట్టగానే ఆ తప్పు చిరునామానే ముందుకు తెచ్చును. మీరు చూడక ఎంటరు నొక్కుదురు. దానితో ఆ చిరునామాకు లెక్క ఒకటి పెరుగును. పెరిగినకొలది అది వరుసలో పైకి వచ్చును. ఒకనాటి పొరపాటు వారము దినములలో రాజమార్గమగును.

మన ప్రాంతమునుండి వేరొక దృష్టాంతము చెప్పెదను. బైలదిల్లా గనులనుండి ఇనుప ఖనిజమును తెచ్చు కిరండూలు రైలు మార్గము కొత్తవలస వద్ద వచ్చి కలియును. అచ్చట పట్టాలకు పాయింట్లు అమర్చబడి యుండును. పాయింటును ఏ దిక్కునకు త్రిప్పిరో బండి ఆ దిక్కునకే పోవును. మరల త్రిప్పువరకు అది అట్లే నిలిచియుండును. బండి పాయింటు దాటిన పిదప విచారించి లాభము లేదు, దాటకముందే చూచుకొనవలెను. చిరునామా పట్టీలో ఎంటరు మీట అట్టి పాయింటు. అది నొక్కకముందు రెండు క్షణములు ఆగి పట్టీలో ఏమున్నదో చదువుట మొదటి రక్షణ. ఇందులకు సెట్టింగ్సు మార్చవలసిన పని గూడ లేదు.

విశాఖకు గల ప్రత్యేకమైన చిక్కు

మన పట్టణమునకు పేర్లు పెక్కు. పాత కాగితములలో వైజాగపటమ్ అని యుండును. వ్యవహారములో వైజాగ్ అందుము. రైల్వేవారు వాల్తేరు డివిజను అనిరి. సరియైన పేరు విశాఖపట్టణము. ఆంగ్ల లిపిలో వీని వర్ణక్రమము వేరువేరు. జిల్లా ప్రభుత్వ వెబ్‌సైటు పూర్తి పేరుతో విశాఖపట్నం.ఏపీ.గవ్.ఇన్ అని యుండును. నగరపాలక సంస్థది జీవీఎంసీ.గవ్.ఇన్. ఉక్కు కర్మాగారముది వైజాగ్‌స్టీల్.కామ్. ఇవన్నియు ఆంగ్లాక్షరములతోనే వ్రాయవలెను. వీ, ఐ అను రెండు అక్షరములు కొట్టి యంత్రమునకు వదలివేసినచో అది జిల్లా పుటకు పోవునో, కర్మాగారము పుటకు పోవునో, ఆ రెండును గాని మూడవ తావునకు పోవునో చెప్పజాలము.

ఆ మూడవ తావు ప్రమాదకరము కావచ్చును. 1933 లో ఓడరేవు తెరువబడినది మొదలు, 1992 లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైన నాటినుండి మరింతగా, మన పల్లెలలో చదువుకొన్న ప్రతి పిల్లవాని కల ఒక్కటే: పోర్టులో నైనను, స్టీలుప్లాంటులో నైనను ఒక ఉద్యోగము. ఆ కలను వలగా పన్నువారు గలరు. దరఖాస్తు రుసుమని, డిపాజిటని సొమ్ము వసూలుచేయు దొంగ పుటలు, అసలు పుటల వేషము ధరించి వచ్చుచుండును. 2024 మే నెలలో విశాఖపట్టణ నగర పోలీసులు ఒక ముఠా గుట్టు బయటపెట్టిరి. డేటా ఎంట్రీ ఉద్యోగములని చెప్పి యువకులను కంబోడియా దేశమునకు పంపి, అచ్చట బంధించి, వారిచేతనే తోటి భారతీయులను మోసగించు పని చేయించుచుండిరని తేలినది. ఆ నెలలోనే కొందరిని విశాఖకు తిరిగి రప్పించిరి. ఆ మోసము చిరునామా పట్టీ వలన జరిగినదని నేననుట లేదు. ఉద్యోగమను మాటకు మన పిల్లలు ఎంత త్వరగా లోబడుదురో చూపుటకే దీనిని చెప్పితిని.

ఇట్టి పుటను వాట్సాపులో వచ్చిన లింకు నొక్కి గ్రామ కంప్యూటరులో ఒక్కడు తెరచినచో, ఆ చిరునామా చిట్టాలో చేరును. తరువాత అదే అక్షరముతో మొదలగు అసలు చిరునామాను వెదకుచు వచ్చిన వానికి యంత్రము దొంగ చిరునామాను అందీయవచ్చును. ఒకని పొరపాటు పదిమందికి దారి చూపును. కావుననే ఇది ఒక్క వ్యక్తి విషయము కాక పంచాయతీ విషయమైనది.

చిరునామాను చదువు పద్ధతి

ఉత్తరముపై చిరునామా ఎట్లు వ్రాయుదుము? మొదట పేరు, తరువాత గ్రామము, మండలము, చివరకు జిల్లా. తపాలావారు చివరినుండి చదువుదురు. ముందు జిల్లా చూచి, తరువాత మండలము, ఊరు చూతురు. వెబ్‌సైటు చిరునామానుగూడ అట్లే చదువవలెను. మొదటి అడ్డగీతకు ముందున్న భాగమును తీసికొని, కుడివైపునుండి ఎడమవైపునకు చదువుడు. మీభూమి.ఏపీ.గవ్.ఇన్ అనుదానిలో చివర ఇన్ అనగా ఇండియా. దానికి ముందు గవ్ అనగా గవర్నమెంటు. దానికి ముందు ఏపీ అనగా ఆంధ్రప్రదేశ్. ఆ తరువాతనే మీభూమి. గవ్.ఇన్ అను ముగింపు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఈయబడును. మోసగాడు ఏపీ, గవ్ అను మాటలను గీతలతో ముందు భాగమున చేర్చి, చివర వేరొక మాట తగిలించును. ముందు భాగము చూచి మురియువాడు మోసపోవును. చివర చూచువాడు బ్రతుకును.

మూడు హెచ్చరికలు. చివర కామ్ అని యున్నంతమాత్రమున అది దొంగది కాదు. మన ఉక్కు కర్మాగారము వెబ్‌సైటే కామ్ అని ముగియును. చిరునామా ప్రక్కన తాళము గురుతున్నంతమాత్రమున అది మంచిది కాదు; దారిలో మన మాటలు ఇతరులు వినలేరని మాత్రమే తాళము చెప్పును, ఆవలి గట్టున నున్నవాడు నిజాయితీపరుడని చెప్పదు. మూడవది బ్యాంకుల విషయము. బ్యాంకులు తమ చిరునామాలను బ్యాంక్.ఇన్ అను ముగింపునకు మార్చవలెనని రిజర్వు బ్యాంకు 2025 లో ఆదేశించి, అక్టోబరు 31 వ తేదీని గడువుగా పెట్టినది. ఆ చిరునామాలను నమోదుచేయు బాధ్యత హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థకు అప్పగింపబడినది. మీ యంత్రము మాత్రము పాత అలవాటు చొప్పున పాత చిరునామానే పూరించుచుండవచ్చును. బ్యాంకు పుటకు పోవునపుడు యంత్రము జ్ఞాపకశక్తిని నమ్మక, క్రొత్త చిరునామాను బ్యాంకులోనే అడిగి తెలిసికొని వ్రాయుడు.

మోసముకన్న పెద్దదైన కష్టము

సొమ్ము పోయినచో తిరిగి సంపాదింపవచ్చును. గ్రామమున మాట పోయినచో తిరిగి రాదు. ఈ విషయమును పంచాయతీ సభ్యులు, అందును సోదరీమణులు, ముఖ్యముగా ఆలోచింపవలెను.

గ్రామమున పదిమంది వాడు కంప్యూటరు ఒకటి యున్నదనుకొనుడు. ఒక యిల్లాలు తన జబ్బును గురించి తెలిసికొనుటకు ఒక పుట తెరచినది. ఇంకొక అమ్మాయి భర్త కొట్టుచుండగా ఎవరికి చెప్పుకొనవలెనో తెలియక స్త్రీల సహాయ కేంద్రము పుట చూచినది. ఒక రైతు అప్పు తీర్చలేక బ్యాంకు వేలము నోటీసు చూచుకొన్నాడు. ముగ్గురును పని ముగించుకొని పోయిరి. తరువాత వచ్చినవాడు వారి బంధువు. అతడేదో పనికై ఒక అక్షరము కొట్టెను. యంత్రము ఆ పుటల పేర్లను వరుసగా చూపెను. యంత్రము ఎవరి పేరును చెప్పలేదు. అయినను ఊరిలో ఎవరు ఎప్పుడు వచ్చి కూర్చుండిరో అందరికిని తెలియును. సాయంకాలమునకు రచ్చబండమీద ఆ మాటయే.

అటుపై ఆ యిల్లాలు మరల ఆ గదిలో అడుగుపెట్టునా? ఆ అమ్మాయి సహాయము కోరునా? మనము ఏర్పరచిన సదుపాయమే వారిని భయపెట్టి తరిమినట్లగును. వ్యక్తుల సమాచారమును కాపాడుటకై పార్లమెంటు 2023 లో శాసనమొకటి చేసినది. శాసనము సంగతి యటుండగా, ఒకరి గుట్టు వేరొకరికి తెలియనీయకుండుట మన పల్లెటూరి మర్యాద. ఆ మర్యాదను యంత్రమునకు నేర్పుట మన పని.

ఏమి చేయవలెను?

ఇక చేయవలసిన పనులను వరుసగా చెప్పెదను. బ్రౌజరు సంచిక మారినకొలది సెట్టింగ్సులోని పేర్లును, స్థానములును మారుచుండును. సెట్టింగ్సు పుటలో వెదకు పెట్టె యుండును. అందు ఆంగ్లమున అడ్రస్ బార్ అని గాని, సజెషన్స్ అని గాని వ్రాసినచో కావలసిన భాగము కనబడును.

మొదటిది: ఒక్క తప్పు చిరునామాను తొలగించుట. పట్టీలో అక్షరము కొట్టి, సూచనల వరుస కనబడగానే, క్రింది బాణపు మీటతో ఆ తప్పు చిరునామాపై నిలిచి, షిఫ్ట్ మీటను పట్టి డిలీట్ మీటను నొక్కుడు. అది వరుసనుండి తొలగిపోవును. క్రోమునందు ఆ వరుసకు కుడిప్రక్కన కనబడు ఎక్స్ గురుతును నొక్కినను చాలును. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమునందు ఆ సూచనపై వ్రేలు కొంతసేపు అదిమి పట్టినచో, తీసివేయవలెనా యని అడుగును, ఒప్పుకొనుడు. ఆ చిరునామాను బుక్‌మార్కుగా దాచియున్నచో ఆ బుక్‌మార్కునుగూడ తీసివేయవలెను. లేనిచో మరల తలయెత్తును.

రెండవది: యంత్రము పూరించినదానిని ఆ ఒక్క పర్యాయమునకు త్రోసిపుచ్చుట. పూరించిన భాగము రంగు మారి కనబడుచుండును. బ్యాక్‌స్పేస్ గాని డిలీట్ గాని ఒక్క పర్యాయము నొక్కినచో ఆ భాగము పోయి మీరు వ్రాసినది మాత్రమే నిలుచును.

మూడవది: వెదకు సంస్థ పంపు సూచనలను నిలుపుట. క్రోమునందు కుడివైపు పైమూలనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్సులో సింక్ అండ్ గూగుల్ సర్వీసెస్ అను భాగము తెరువుడు. అందు ఇంప్రూవ్ సెర్చ్ సజెషన్స్ అను మీట యుండును. పాత సంచికలలో దానిని ఆటోకంప్లీట్ సెర్చెస్ అండ్ యూఆర్‌ఎల్స్ అనెడివారు. దానిని ఆపివేయుడు. ఎడ్జ్ బ్రౌజరునందు ప్రైవసీ భాగములో అడ్రస్ బార్ అండ్ సెర్చ్ అను పుటయున్నది. అచ్చట వెదకు సూచనలకు, చిట్టానుండి వచ్చు సూచనలకు వేరువేరు మీటలు గలవు. ఫైర్‌ఫాక్సునందు అడ్రస్ బార్ అను శీర్షిక క్రింద బ్రౌజింగ్ హిస్టరీ, బుక్‌మార్క్స్, ఓపెన్ ట్యాబ్స్ మొదలగువాని ప్రక్కన గడులు గలవు. వలదన్నవాని గురుతు తీసివేయుడు. ఫైర్‌ఫాక్సులో అక్షరములను పట్టీలోనే పూరించు గుణమును సంపూర్ణముగా మాన్పింపవలెనన్న, ఎబౌట్ కాన్ఫిగ్ అను పుటలో బ్రౌజర్.యూఆర్‌ఎల్‌బార్.ఆటోఫిల్ అనుదానిని ఫాల్స్‌గా మార్పవలెను. ఆ పుటలో ఇతరములను తాకరాదు. కావున ఈ పనిని తెలిసినవారిచేత చేయింపుడు.

నాలుగవది: చిట్టాను తుడిచివేయుట. క్రోమునందు సూచన సంస్థను ఆపినను, చిట్టానుండి వచ్చు పూరణమును పూర్తిగా ఆపు మీట సామాన్య సెట్టింగ్సులో లేదు. కావున చిట్టానే తుడువవలెను. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ అను మూడు మీటలు కలిపి నొక్కినచో మూడు బ్రౌజరులందును ఆ పెట్టె తెరచుకొనును. ఎంతకాలపు చిట్టా అని అడుగును. మొత్తము కాలము ఎంచుకొనుడు. ఇందువలన కచేరీ కాగితములు పోవునేమోయని భయపడవలదు. దిగుమతి చేసికొన్న పత్రములు కంప్యూటరులో అట్లే యుండును. ప్రభుత్వ వెబ్‌సైటులోని లెక్కలు చెక్కు చెదరవు. పాస్‌వర్డులను తుడువు గడిని గురుతు పెట్టునపుడు మాత్రము ముందు ఆలోచింపుడు. మరియొక విషయము: ఆ బ్రౌజరులో ఎవరైనను తమ సొంత ఖాతాతో ప్రవేశించి సింక్ చేసియున్నచో, ఇచ్చటి చిట్టా వారి ఇంటి ఫోనుకును, వారి ఇంటి చిట్టా ఇచ్చటికిని వచ్చుచుండును, ఇచ్చట తుడిచినది అచ్చటను తుడిచిపోవును. ప్రజల కంప్యూటరులో సొంత ఖాతా తెరచియుంచుట తగదు.

అయిదవది, ప్రజలు వాడు కంప్యూటరులకు అన్నిటికన్న మేలైనది: అతిథి కిటికీ. క్రోము, ఎడ్జ్ బ్రౌజరులందు ప్రొఫైలు గురుతును నొక్కినచో గెస్ట్ అను మాట కనబడును. ఆ కిటికీలో తెరచినవానికి మునుపటివారి చిట్టా కనబడదు. అతడు కిటికీని మూయగానే అతని చిట్టాయు మిగులదు. సత్రములో బసచేసిన బాటసారి పోవునపుడు తన మూటను తాను తీసికొనిపోవునట్లు. ఇన్‌కాగ్నిటో అను కిటికీయు చిట్టాను మిగుల్చదు గాని, అంతకుముందున్న చిట్టానుండి సూచనలు అందు కనబడవచ్చును. కావున అతిథి కిటికీయే ఉత్తమము.

అన్నియు ఆపివేయవలెనా?

స్వయంపూరణము శత్రువని నేనుట లేదు. ఆంగ్లాక్షరములు కష్టముగా కొట్టు పెద్దలకు అది ఊతకర్ర. ఇంట ఒక్కరే వాడు ఫోనులో దానిని ఉంచుకొనవచ్చును. అప్పుడప్పుడు కలుపు తీసిన చాలును. వరి చేనులో కలుపు పెరిగినదని చేనునే దున్నివేయము గదా! పదిమంది వాడు కంప్యూటరున మాత్రము సౌకర్యముకన్న గుట్టు ముఖ్యము. అచ్చట ఆపివేయుటయే న్యాయము. సౌకర్యము పోవునన్న బెంగ వలదు. సరియైన చిరునామాలను బుక్‌మార్కులుగా దాచి తెరపై వరుసగా నిలిపినచో, ఒక్క అక్షరమైనను కొట్టకయే కావలసిన పుటకు పోవచ్చును. యంత్రము ఊహించి చూపినదానికిని, మనము విచారించి నిలిపినదానికిని గల భేదమిదియే. 2025 జనవరి 30 న రాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించిన మన మిత్ర అను వాట్సాపు సేవలోగూడ చిరునామా కొట్టు పని లేకుండ కొన్ని సేవలు పొందవచ్చును.

పంచాయతీ చేయదగిన తీర్మానము

ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్టణము మండలములలో నేమి, ఇతర మండలములలో నేమి, ప్రతి పంచాయతీయు ఈ నాలుగు అంశములతో ఒక తీర్మానము చేయవచ్చును. ఇందులకు ఒక్క రూపాయి వ్యయము కాదు.

1. గ్రామమున ప్రజలు వాడు ప్రతి కంప్యూటరునందును, అనగా పంచాయతీ కచేరీలోను, గ్రంథాలయములోను, బడిలోను, అతిథి కిటికీ తెరచియే ప్రజల పనులు చేయవలెను.

2. తరచుగా కావలసిన చిరునామాలను ఆంగ్లాక్షరములలో పెద్దవిగా, ప్రక్కన తెలుగులో వివరముతో, ఒక పలకపై వ్రాసి గోడకు తగిలింపవలెను. ప్రతి చిరునామాను సంబంధిత కచేరీని విచారించిన తరువాతనే వ్రాయవలెను.

3. ప్రతి నెల మొదటి వారమున ఒక సభ్యుని సమక్షమున చిట్టాను తుడిచి, బుక్‌మార్కులను సరిచూడవలెను.

4. పలక అడుగున 1930 అను సంఖ్యను ఎఱ్ఱని అక్షరములతో వ్రాయవలెను. అది సైబరు మోసములను తెలుపుకొనుటకు దేశమంతటికిని ఒక్కటే ఫోను నంబరు. సొమ్ము పోయినదని తెలిసిన క్షణముననే ఫోను చేసినచో, ఆ సొమ్ము చేతులు మారకముందే నిలుపుటకు అవకాశముండును. సిగ్గుపడి రెండు దినములు ఊరకున్నచో అవకాశము సన్నగిల్లును. మోసపోయినవానిని ఎగతాళి చేయరాదని గ్రామసభలో చెప్పుట గూడ మీ పనియే. ఎగతాళికి వెఱచియే పెక్కుమంది నోరు విప్పరు.

సోదరులారా! ఊరి పొలిమేరలో రెండు బాటలు చీలుచోట దారి చూపు పలక నాటుట పూర్వమునుండియు పంచాయతీ ధర్మము. ఆ పలక గాలికి ఎటో తిరిగిపోయినచో దానిని సరిచేయుటయు మన ధర్మమే. నేడు కంప్యూటరు తెరపై అట్టి పలక యొకటి యున్నది. అది ఎవరో ఎప్పుడో పోయిన త్రోవను చూపును. మీరు పోవలసిన త్రోవను మీరే చెప్పవలెను. వచ్చు సమావేశమున ఈ తీర్మానమును మీ పుస్తకమున చేర్తురనియు, మరునాడే ఆ కంప్యూటరు ముందు కూర్చుండి చిట్టాను తుడిపింతురనియు కోరుచు సెలవు తీసికొనుచున్నాను.